షార్ట్ డెక్ పోకర్: 16 ముక్కలు తీసేస్తే ఆటంతా తలకిందులే.. రూల్స్ ఏంటి? మన దగ్గర చట్టం ఏం చెబుతోంది?

దసరా, దీపావళి వచ్చాయంటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పత్తాలు బయటికొస్తాయి. అరుగు మీద పెద్దవాళ్ల రమ్మీ, చెట్టు కింద కుర్రాళ్ల మూడు ముక్కలాట మామూలే. ఇప్పుడు అదే కుర్రాళ్ల ఫోన్లలో ఇంకో పేరు వినిపిస్తోంది. అదే షార్ట్ డెక్ పోకర్. దీన్నే సిక్స్ ప్లస్ హోల్డెమ్ అని కూడా అంటారు. "మూడు ముక్కలాట వచ్చినోడికి ఇదెంత?" అనుకుని దిగితే మాత్రం మొదటి గంటలోనే బోల్తా పడతారు. ఎందుకో చూద్దాం.

అసలు ఏంటీ ఆట?

మామూలు పేకలో 52 ముక్కలుంటాయి. అందులోంచి రెండు, మూడు, నాలుగు, ఐదు ముక్కలు మొత్తం తీసి పక్కన పెడతారు. ఒక్కో దానికి నాలుగు చొప్పున 16 ముక్కలు పోతాయి. మిగిలేవి 36. అంటే ఆరు నుంచి ఆసు దాకానే ఆట. ఆసియాలో పెద్ద పందేలు ఆడే వాళ్ల మధ్య, ముఖ్యంగా మకావులో, గత దశాబ్దంలో ఇది పేరు తెచ్చుకుంది. ట్రైటన్ సిరీస్ టోర్నీలతో ప్రపంచానికి తెలిసింది. 2019లో లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లోనూ దీనికి చోటు దక్కింది.

ఎలా ఆడతారు?

అందరూ ముందే కొంత పందెం వేస్తారు. దీన్ని యాంటీ అంటారు. డీలర్ స్థానంలో ఉన్నవాళ్లు సాధారణంగా రెట్టింపు వేస్తారు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. ఒక విడత పందెం అయ్యాక మధ్యలో మూడు ముక్కలు తెరుస్తారు. మళ్లీ పందెం. నాలుగో ముక్క, మళ్లీ పందెం. ఐదో ముక్క, ఆఖరి పందెం. చేతిలోని రెండు, మధ్యలోని ఐదు, మొత్తం ఏడింటిలో మంచి ఐదు ముక్కలు ఎవరికి కుదిరితే వాళ్లదే ఆట. నచ్చకపోతే మూడు ముక్కలాటలో ప్యాక్ చేసినట్టే మధ్యలోనే ముక్కలు పడేయొచ్చు.

ఇక్కడే అసలు తిరకాసు

మూడు ముక్కలాట ఆడే వాళ్లకు ఒక లెక్క నోటికి వచ్చు. సీక్వెన్స్ ముందు రంగు ఓడిపోతుంది. కారణం సింపుల్. మూడు ముక్కల్లో రంగు 1,096 రకాలుగా పడుతుంది, సీక్వెన్స్ 720 రకాలుగానే పడుతుంది. అరుదుగా పడేదే గొప్పది.

ఐదు ముక్కల మామూలు పోకర్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ సీక్వెన్స్ 10,200 రకాలు, రంగు 5,108 రకాలు. అందుకే రంగే పెద్దది. రంగు కంటే ఫుల్ హౌస్ పెద్దది. అంటే ఒకే అంకె ముక్కలు మూడు, ఇంకో అంకెవి రెండు. ఇవి 3,744 రకాలుగానే వస్తాయి.

ఇప్పుడు 16 ముక్కలు తీసేయండి. ఒక్కో గుర్తులో 13 బదులు 9 ముక్కలే మిగులుతాయి. ఐదూ ఒకే గుర్తువి పడటం బాగా కష్టమైపోతుంది. లెక్క ఇలా మారుతుంది:

- నాలుగూ ఒకే అంకె: 288 రకాలు
- రంగు: 480 రకాలు
- ఫుల్ హౌస్: 1,728 రకాలు
- సీక్వెన్స్: 6,120 రకాలు
- మూడు ఒకే అంకె: 16,128 రకాలు

అందుకే షార్ట్ డెక్‌లో రంగు ముందు ఫుల్ హౌస్ ఓడిపోతుంది. మామూలు పోకర్ అలవాటున్న వాళ్లు ఫుల్ హౌస్ చూసుకుని ఉన్నదంతా ముందుకు తోసేది ఇక్కడే.

ఇంకో రెండు విషయాలు. ఆసు ఇక్కడ రెండు వేషాలు వేస్తుంది. పది, జాకీ, రాణి, రాజు పక్కన పెద్ద ముక్క. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది ముందు ఐదు బదులు కూర్చుని చిన్న సీక్వెన్స్ కూడా అవుతుంది. రెండోది, కొన్నిచోట్ల మూడు ఒకే అంకె ముక్కల్ని సీక్వెన్స్ కంటే పెద్దగా లెక్కేస్తారు. ఏడు ముక్కల్లోంచి ఐదు ఎంచుకునేటప్పుడు సీక్వెన్స్ ఎక్కువసార్లు కుదురుతుందన్నది వాళ్ల వాదన. కూర్చునే ముందే ఏ రూలో అడగాలి.

ఆశ పెంచే ఆట

చేతిలో ఎనిమిది, తొమ్మిది ఉన్నాయి. మధ్యలో ఏడు, పది, రాజు పడ్డాయి అనుకుందాం. ఆరు గానీ జాకీ గానీ వస్తే సీక్వెన్స్. పనికొచ్చే ముక్కలు ఎనిమిది. మామూలు పేకలో కనపడని ముక్కలు 47, ఇక్కడ 31 మాత్రమే. ఇంకా రెండు ముక్కలు తెరవాలి కాబట్టి అవకాశం మామూలు పోకర్‌లో సుమారు 31 శాతం, షార్ట్ డెక్‌లో సుమారు 46 శాతం.

ఇప్పుడు రంగు సంగతి. చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు పది. మధ్యలో ఇంకో రెండు ఇస్పేట్లు. మామూలు పేకలో ఇంకా తొమ్మిది ఇస్పేట్లు మిగిలి ఉంటాయి, ఇక్కడ ఐదే. అవకాశం 35 శాతం నుంచి 30 శాతానికి దిగుతుంది.

రెండు ఆసులు చేతికి రావడం మామూలు పోకర్‌లో 221 సార్లకు ఒకసారి. ఇక్కడ 105 సార్లకు ఒకసారి. వినడానికి బాగుంది. కానీ మీకు పెద్ద ముక్కలు వచ్చినట్టే ఎదుటివాడికీ వస్తాయి. చేతికొచ్చిన ప్రతిదీ మంచిగానే కనిపిస్తుంది. ముక్కలు పడేయబుద్ధి కాదు. పందేలు పెరుగుతాయి, జేబు తొందరగా ఖాళీ అవుతుంది. ఈ ఆట చూసేవాళ్లకు మజాగా, ఆడేవాళ్లకు ప్రమాదంగా ఉండటానికి కారణం ఇదే.

చట్టం ఏం చెబుతోంది?

పేకాటలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న పెద్ద కేసు మన దగ్గరి నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన వాళ్లపై పెట్టిన కేసు అది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె.సత్యనారాయణ కేసుగా దానికి పేరు. 13 ముక్కల రమ్మీలో నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అని, మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టం మీద నడిచేదని కోర్టు తేల్చింది.

అయితే తెలంగాణలో ఇప్పుడు ఆ మినహాయింపు పట్టుకుని కూర్చుంటే కుదరదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2017లో సవరించింది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ లాంటివి కూడా నిషేధం కిందికొచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నీ దాని కిందికే వస్తాయి. అలాంటి ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఈ కేంద్ర చట్టంలో ఆడేవాళ్లకు శిక్ష లేదు. అంతమాత్రాన పోయిన డబ్బు తిరిగొస్తుందని కాదు. తోటల్లో, ఫామ్‌హౌస్‌లలో డబ్బు పెట్టి ఆడితే రాష్ట్ర చట్టం కింద కేసు ఎలాగూ తప్పదు.

నేర్చుకోవాలంటే ఎలా?

ఆట మీద ఆసక్తి ఉంటే ఇంట్లోనే నేర్చుకోవచ్చు. పాత పేక తీసి ఐదు లోపు ముక్కలు పక్కన పెట్టండి. ఆసుల్ని మాత్రం తీయొద్దు. డబ్బు బదులు చింతగింజలు పంచుకోండి. మనిషికి వంద గింజలు చాలు. ఏది ఏ వరుసలో గెలుస్తుందో కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి. ఒక రాత్రి ఆడి చూస్తే, వంద గింజలు ఎంత తొందరగా పక్కవాడి కుప్పలో కలుస్తాయో అర్థమైపోతుంది. ఆ గింజల చోట పత్తి అమ్మిన డబ్బో, పిల్లల ఫీజో ఉంటే ఏమయ్యేదో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పటికే ఆన్‌లైన్‌లో మోసపోయిన వాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆట మానలేక, అప్పుల ఒత్తిడితో నలిగిపోతున్న వాళ్లు టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.