వరండా లైటు, మా అత్తగారి చామంతి

మా మావగారు పోయాక ఊళ్లో ఇల్లు అమ్మేశాం. సామాన్లు సర్దే రోజున మా అత్తగారు ఇత్తడి బిందెల సంగతి వదిలేసి ముందు పెరట్లోకి వెళ్లి, చామంతి పిలకలు నాలుగు తవ్వి తడిగుడ్డలో చుట్టుకున్నారు. ఆయన చేత్తో వేసిన మొక్క. మార్గశిరంలో ఆబ్దికానికి ఆయన ఫొటోకి ఆ పూలే వెయ్యాలని ఆవిడ కోరిక.

విజయవాడలో మా వరండా మెట్ల పక్కన మంచి కుండీలో మూడు పిలకలు పెట్టాను. నాలుగోది పారెయ్యబుద్ధికాక వెనక బట్టలుతికే బండ దగ్గర పగిలిన బకెట్లో గుచ్చాను. కుండీకి పశువుల ఎరువు, వేపపిండి ఏ లోటూ చెయ్యలేదు. నడుమెత్తు పెరిగింది గానీ మొదటి ఏడు మొగ్గ లేదు. రెండో ఏడూ అంతే. పక్కింటావిడ "చేతి గుణమండీ" అని నవ్వేసింది. అత్తగారు మాత్రం ఒక్క మాట అనలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లి కొమ్మకొమ్మా చూసి వచ్చేవారు. ఆ అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

ఆ రెండో ఏడు ఆబ్దికం అయిన పదిరోజులకి బకెట్లోది విరగబూసింది! ఎవరూ పట్టించుకోనిది, పైగా శ్రావణంలో సందులోంచి దూరిన మేక కొసలన్నీ కొరికేసింది. బీఎస్సీలో బోటనీ చదివానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. అటక మీది పుస్తకాలు దింపాను.

మేక చేసింది ఉపకారమే. కొమ్మ కొసన ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతూ, పక్క మొగ్గల్ని లేవనివ్వదు. కొస పోతే ఆ పెత్తనం పోయి పక్క కొమ్మలు వస్తాయి, కొమ్మకో పూగుత్తి. మా అమ్మ ఆషాఢ శ్రావణాల్లో చిగుళ్లు గోటితో తుంచేది ఇందుకే కాబోలు. భాద్రపదం దాటాక మాత్రం తుంచనిచ్చేది కాదు.

మరి ముందు కుండీకి అసలు మొగ్గే ఎందుకు రాలేదు? వరండా లైటు! మావారు దొంగల భయంతో తెల్లవార్లూ వేసి ఉంచే బల్బు సరిగ్గా దాని నెత్తి మీదే ఉంది. చామంతి రాత్రి పొడుగుని బట్టి పూస్తుంది. మన దగ్గర జూన్ చివర పగలు పదమూడు గంటల పైచిలుకు, డిసెంబరులో పదకొండు గంటల పైచిలుకు. ఆ రెండు గంటల తేడాని మొక్క కనిపెడుతుంది. కనిపెట్టేది కొస కాదు, ఆకులు. రష్యాలో చైలాఖ్యాన్ అనే శాస్త్రవేత్త 1930లలో దీన్ని తేల్చింది చామంతి మీదే. ఆకుల్లోంచి కొసకి ఏదో కబురు వెళ్తోందని దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఒక ప్రొటీన్ అని ఆవాల జాతి చిన్న మొక్కలోనూ, వరిలోనూ 2007లో గాని రుజువు కాలేదు. రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగించినా ఆ కబురు ఆగిపోతుంది. పూలతోటల వాళ్లు కోత వెనక్కి జరపడానికి కావాలనే లైట్లు పెడతారు. నేను తెలియక అదే పని రెండేళ్లు చేశాను.

కాడ సాగడానికి ఇంకో హార్మోను ఉంది, జిబ్బరెల్లిన్. జపాన్‌లో ఒక బూజు తెగులు సోకి వరి నారు పిచ్చిగా పొడుగెదిగేది. ఆ బూజు వదిలే పదార్థమే కారణమని 1926లో కురోసావా చూపించాడు. నర్సరీలో గుత్తంగా, పొట్టిగా ఉండే కుండీ చామంతులకి చాలాసార్లు ఈ హార్మోనుని అడ్డుకునే మందు కొడతారు. ఇంటికొచ్చాక దాని ప్రభావం తగ్గి సాగిపోతే మన తప్పనుకుని బాధపడుతూంటాం. నేను ఆ సీసాల జోలికి పోలేదు. రెండు కుండీల చామంతికి గోరు చాలు.

ఈ ఏడు శ్రావణంలో చిగుళ్లు తుంచి, కుండీని బండ పక్కకి చేర్చాం. వెనక లైటు వెయ్యొద్దన్నాను. రాత్రి పెరట్లోకి వెళ్లేటప్పుడు కాలికి బకెట్ తగిలి మావారు విసుక్కుంటున్నారు. అత్తగారు ఎనిమిదింటికే స్విచ్ దగ్గర కాపలా.

ఆబ్దికం ఇంకా పద్దెనిమిది రోజులుంది. నిన్న పొద్దున ఆవిడ కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చి, ఎవరినీ ఉద్దేశించకుండా "ఇరవై మూడు" అన్నారు. వెళ్లి చూశాను. శనగగింజంతేసి మొగ్గలు.