పాత కారులో మాట తేటగా వినపడాలంటే: ముందు డోరు చూడండి, తర్వాత స్టీరియో

పాత కారులో పాట సరిగ్గా వినపడటం లేదంటే మన వాళ్లు మొదట చేసే పని స్టీరియో మార్చడం. తర్వాత వెనక పెద్ద ఓవల్ స్పీకర్లు వేయిస్తారు. డబ్బు ఇంకా మిగిలితే డిక్కీలో బేస్ డబ్బా పెట్టిస్తారు. ఇంత ఖర్చు అయ్యాక కూడా ఘంటసాల గొంతు తడిగుడ్డ కప్పినట్టే వస్తుంది. ఎందుకంటే లోపం చాలాసార్లు ఈ మూడింటిలో దేంట్లోనూ ఉండదు. ముందు డోర్లలో ఉంటుంది, పాత వైర్లలో ఉంటుంది.

ఆవని, ముళబాగిలు, బంగారుపేట, కేజీఎఫ్ చుట్టుపక్కల మన ఇళ్లల్లో మారుతి 800లు, జెన్‌లు, శాంత్రోలు, ఇండికాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. పదిహేనేళ్లు నిండిన సొంత బండికి ఆర్టీఓలో రిజిస్ట్రేషన్ మళ్లీ పొడిగించుకుంటే అయిదేళ్లకు ఇస్తారు. అట్లా పొడిగించుకున్న బండి మీద పాతిక వేలు పాటలకు పెట్టడం ఏ ఖాతాలోనూ సర్దుబాటు కాదు. అయిదారు వేలలో జరిగే పని గురించే ఇక్కడ రాస్తున్నాను.

మన వాళ్లకి దీన్లో ఇంకో లెక్క కూడా ఉంది. ఇక్కడ మన పిల్లలు బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగే మాట్లాడినా తెలుగు అక్షరం రాని ఇళ్లు చాలా ఉన్నాయి. అటువంటి ఇంట్లో తెలుగు నిలిచేది చెవి మీదే. ముళబాగిలు నుంచి పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుపతి పోయేటప్పుడు అవ్వ, కోడలు, మనవడు ఒకే చోట కూర్చుని ఒకే పాట వింటారు. ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది. కాబట్టి మనకి కారులో కావలసింది గుండెలదిరే శబ్దం కాదు, పద్యంలో మాట మాటగా వినపడటం.

మాట తేటగా ఉందా లేదా అని చూసుకోవడానికి నేను చెప్పేది 1963 నాటి 'లవకుశ' పాటలు. ఆవని కొండ మీద సీతమ్మ గుడి ఉంది, లవకుశులు పుట్టింది ఇక్కడేనని మన స్థలపురాణం, కాబట్టి ఆ పాటలు పెట్టి చూడటం మనకి న్యాయమే అనుకోండి. అసలు కారణం వేరు. అందులో లీల, సుశీల కలిసి పాడారు. రెండూ ఆడగొంతులే, రెండూ దగ్గర దగ్గర స్థాయివే. మీ కారులో ఏ గొంతు ఎవరిదో విడిగా తెలిస్తే స్పీకర్లు బాగున్నట్టు. రెండూ కలిసి ఒకే ముద్దగా వినిపిస్తే పని ఉన్నట్టు. పైగా ఆ కాలపు రికార్డుల్లో లోతైన బేస్ చాలా తక్కువ. రికార్డులో లేనిదాన్ని డిక్కీలో డబ్బా పెట్టి తీసుకురాలేం.

ఇక పనిలోకి వద్దాం. మొదటిది పైసా ఖర్చు లేనిది. ప్రతి స్పీకరుకీ ప్లస్, మైనస్ అని రెండు కొసలు ఉంటాయి. పాత కార్లలో ఎప్పుడో ఎవరో స్పీకర్ విప్పి మళ్లీ బిగించినప్పుడు ఒక వైపు ఇవి తారుమారై ఉంటాయి. అప్పుడు ఎడమ స్పీకర్ గాలిని ముందుకు నెడుతుంటే కుడిది వెనక్కి లాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కింది స్థాయి శబ్దం మాయమవుతుంది, గొంతు పల్చబడుతుంది. కనుక్కోవడం సులభం. పాత పాట ఒకటి పెట్టి, ముందు సీట్ల మధ్యకు తల వంచి వినండి. గొంతు డాష్‌బోర్డు నడిమధ్య నుంచి వచ్చినట్టుంటే సరిగ్గా ఉంది. ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా చెదిరినట్టుంటే అనుమానించండి. ఖాయం చేసుకోవాలంటే స్పీకర్ వైర్లను స్టీరియో నుంచి పూర్తిగా విడదీసి, గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టు సెల్లును ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్సు స్పీకర్ ప్లస్సుకు తగిలితే కాగితపు గిన్నె బయటికి కదులుతుంది. రెండు వైపులా ఒకే రకంగా కదలాలి. కదలకపోతే ఒక వైపు వైర్లు అటూ ఇటూ మార్చండి. కొన్ని కార్లలో దీంతోనే సగం పని అయిపోతుంది.

ఆ తర్వాత డోరు. స్పీకర్ ముందు నుంచి ఎంత శబ్దం వస్తుందో వెనక నుంచీ అంతే వస్తుంది, కానీ తిరగబడి వస్తుంది. ఆ వెనక శబ్దం డోరు లోపలే బందీగా ఉండాలి. మన కార్లలో డోర్ ప్యాడ్ విప్పి చూస్తే లోపలి రేకుకు పెద్ద పెద్ద కంతలు కనిపిస్తాయి. కంపెనీ వాళ్లు వాటి మీద ప్లాస్టిక్ కాగితం అతికించి పంపుతారు. అద్దం బాగుచేయడానికి ఎవరో ఒకసారి దాన్ని చింపేసి ఉంటారు, మళ్లీ వేసి ఉండరు. వెనక శబ్దం ఆ కంతల గుండా వచ్చి ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. ఎంత మంచి స్పీకర్ వేసినా ఇంతే.

దీనికి మందు డాంపింగ్ షీట్. ఒక పక్క అల్యూమినియం, ఇంకో పక్క జిగురుగా ఉండే బ్యూటైల్ రబ్బరు. బెంగుళూరు జేసీ రోడ్డులో కారు సామాన్ల దుకాణాల్లో ముక్కల లెక్కన అమ్ముతారు, ఆన్‌లైన్లోనూ దొరుకుతుంది. కంతల మీద ఒక వరస, స్పీకర్ వెనక ఎదురుగా ఉన్న బయటి రేకు మీద ఒక ముక్క చాలు. కారంతా అతికించాలని చెప్పేవాళ్ల మాట వినకండి, బండి బరువు పెరగడం తప్ప మన పనికి అది అక్కర్లేదు. ఇంటి మిద్దె కారితే వేసే తారు టేపు దీనికంటే చవకే, కానీ మన ఎండాకాలంలో అది కరిగి కారుతుంది, కారంతా వాసన కొడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. డోరు అడుగున నీళ్లు పోవడానికి చిన్న చిన్న కంతలు ఉంటాయి. వాటిని మూయకండి. మూస్తే వాన నీరు లోపల నిలిచి, రెండు మూడు వానాకాలాల్లో డోరు అడుగు తుప్పు పట్టిపోతుంది. షీట్ అతికించేటప్పుడే డోరు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ కూడా చూడండి. అది ఎండి చీలిపోయి ఉంటే రోడ్డు మోత అంతా లోపలే ఉంటుంది. కొత్త బీడింగ్ వేయిస్తే వాల్యూమ్ తగ్గించి వినొచ్చు.

ఇప్పుడు స్పీకర్లు. ముందు డోర్లకు ఒక జత, రెండు వేల నుంచి మూడు వేల లోపు, పేరున్న కంపెనీ కోయాక్సియల్ రకం చాలు. పెట్టె మీద 300 వాట్స్, 500 వాట్స్ అని పెద్ద అక్షరాలతో ఉన్నది చదవకండి. చిన్న అక్షరాలతో 'సెన్సిటివిటీ' అని డెసిబెల్స్‌లో ఒక అంకె ఉంటుంది. అదీ చూడవలసింది. 88 ఉన్న స్పీకర్ కంటే 91 ఉన్నది, అదే శబ్దాన్ని సగం కరెంటుతో ఇస్తుంది. యాంప్లిఫయర్ లేని కారుకు 90కి తగ్గకుండా చూడండి. అడ్డం కొలత ముందే కొలవండి, లోతు కూడా కొలవండి. అద్దం పూర్తిగా కిందికి దించి కొలవాలి, లేకపోతే స్పీకర్ వెనక అయస్కాంతం అద్దానికి తగులుతుంది. కంత చిన్నదైతే రేకు కోయించకండి. పైన రింగు పెట్టి బిగించుకోవచ్చు. చెక్క రింగు అయితే మెరైన్ ప్లైవుడ్‌తో చేయించండి, మామూలు చెక్క డోరులో వాన తడికి ఉబ్బిపోతుంది.

స్టీరియో సంగతి కాస్త లెక్క వేసి చెప్తాను, నాకు లెక్కలే అలవాటు. దాని ముఖం మీద 50 ఇంటూ 4 వాట్స్ అని రాసి ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో వచ్చేది సుమారు 14.4 వోల్టులు. దాన్ని దానితోనే గుణిస్తే 207. శబ్దం చీలిపోకుండా ఇవ్వగలిగింది అందులో సగం, 104. స్పీకర్ నిరోధం 4 ఓములు, దాంతో భాగిస్తే 26 వాట్లు. లోపల పోయే నష్టం తీసేస్తే ఇరవై అటూ ఇటూ. విడిగా యాంప్లిఫయర్ లేని మామూలు స్టీరియో రెండు వేలదైనా ఎనిమిది వేలదైనా ఇంచుమించు ఇంతే ఇస్తుంది. కాబట్టి శబ్దం కోసం స్టీరియో మార్చడం దండగ. బ్లూటూత్, పెన్ డ్రైవ్ కావాలంటే మార్చండి, అది న్యాయమైన కారణం. పెద్ద తెర పెట్టడానికి డాష్‌బోర్డు కోయించడం మాత్రం వద్దు. పాత కార్లలో ఆ జాగా 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 ఎత్తు. ఆ కొలతకు సరిపోయేవి ఇంకా దొరుకుతున్నాయి.

వెనక ఓవల్ స్పీకర్లు ఇప్పటికే ఉంటే ఉండనివ్వండి. వాటి శబ్దం తగ్గించి ముందువైపు పెంచుకోండి. వెనక సీట్లో కూర్చునే పెద్దవాళ్ల చెవి పక్కనే అవి మోగుతుంటే, ముందున్న డ్రైవరు తనకు వినపడటం లేదని ఇంకా పెంచుతాడు. ఇది చాలా కార్లలో జరిగేదే. ఆ స్పీకర్లు కేవలం అట్ట ట్రే మీద కూర్చుని ఉంటే బోల్టులతో గట్టిగా బిగించండి. గట్టిగా బ్రేకు వేస్తే అంత బరువు ఎగిరి వచ్చి పడేది వెనక కూర్చున్న వాళ్ల తల మీదే.

వైరింగ్ దగ్గర మాత్రం పొదుపు చూపకండి. పాత కారు కాలిపోవడానికి ఇదీ ఒక దారి. కంపెనీ వైర్లు కోయకుండా, మీ కారుకు సరిపోయే కప్లర్ కొనివ్వండి. రెండు వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టేసే పని ఎండాకాలం రాగానే ఊడిపోతుంది. సోల్డర్ చేసి పైన స్లీవు వేయమని అడగండి. స్టీరియో పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపుది కీ తిప్పినప్పుడు వచ్చేది, నలుపు ఎర్త్. కొందరు ఎలక్ట్రీషియన్లు పని తేలికని పసుపు, ఎరుపు కలిపేస్తారు. కీ తీసినా పాట వస్తుందని మనం సంతోషిస్తాం, రెండు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఫ్యూజు పోతే అదే అంకె ఉన్నది వేయండి, సిగరెట్ కాగితం చుట్టనివ్వకండి. ఎప్పుడైనా యాంప్లిఫయర్ పెట్టించినా, బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి.

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో ఈల లాంటి శబ్దం పెరుగుతుంటే ముందు ఫోను చార్జర్ పీకి చూడండి. ఈల ఆగితే తప్పు చార్జర్‌ది. ఆగకపోతే ఎర్త్ వైరు బిగించిన చోట రంగు గీకి, మెరిసే రేకుకు మళ్లీ బిగించాలి. ఎఫ్‌ఎమ్‌లో గరగర అంటే ఏరియల్ అడుగు విప్పండి, అక్కడ తుప్పు ఉంటుంది. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వస్తున్నాయి కాబట్టి, సిగ్నల్ ఉన్నంతవరకూ ఏరియల్ లేకున్నా నడుస్తుంది.

ఒక్క మనవి. మీ కారులో పాత క్యాసెట్ ప్లేయర్ ఉండి, అది ఇంకా తిరుగుతుంటే, పాత సామానుకు వేయకండి. ఇప్పుడు చాలా ఇళ్లల్లో క్యాసెట్ తిప్పగలిగింది అదొక్కటే. మన ఇళ్లల్లో కొన్న క్యాసెట్లే కాదు, తాత పాడిన పద్యాలు, పెళ్లిలో ఆడవాళ్లు పాడిన పాటలు, ఊళ్లో చెప్పించిన హరికథ రికార్డు చేసుకున్నవీ ఉన్నాయి. కేజీఎఫ్‌లో గనులు 2001లో మూతపడి క్వార్టర్సు విడిచి వెళ్లిన కుటుంబాల దగ్గర అట్టపెట్టెల్లో ఉండేవి ఎక్కువ ఇవే. కొన్నవి మళ్లీ ఎక్కడైనా దొరుకుతాయి, ఇవి దొరకవు. ముందు దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ప్లేయర్ హెడ్డును తుడవండి. బూజు పట్టిన టేపును నేరుగా వేయకండి, ఆ బూజు తర్వాత వేసే మంచి టేపులకూ అంటుకుంటుంది. ప్లేయర్ వెనక లైన్ అవుట్ ఉంటే దాన్నుంచి లాప్‌టాప్‌కి ఎక్కించుకోండి. లేకపోతే స్పీకర్ వైరును నేరుగా లాప్‌టాప్‌కో ఫోనుకో కలపకండి, రెండూ పోతాయి. మధ్యలో లైన్ కన్వర్టర్ అని చిన్న డబ్బా పెట్టాలి. టేపు తిరిగినంతసేపు పడుతుంది, తొందరపడటానికి లేదు. ఎక్కించాక ఆ పాటలను పెన్ డ్రైవ్‌లో వేసుకునేటప్పుడు 128కి తగ్గకుండా చూసుకోండి. బస్టాండు దగ్గర అమ్మే 'అయిదువందల పాటలు' పెన్ డ్రైవ్‌లలో చాలావరకు ముందే నొక్కేసిన పాటలుంటాయి. వాటిని 320కి మార్చినా పోయిన శబ్దం తిరిగి రాదు.

శివరాత్రికి ఆవని జాతరకు బండి తెచ్చేవాళ్లకు ఒక మాట. 800 లాంటి చిన్న కార్లలో ఉండేది 35 ఏహెచ్ బ్యాటరీ. ఇంజిన్ ఆపి పాటలు పెడితే స్టీరియో గంటకు రెండు మూడు ఆంపియర్లు తాగుతుంది. కొత్త బ్యాటరీ అయినా సగానికి దిగడానికి ఆరేడు గంటలు, మూడేళ్ల పాతదైతే అందులో సగం కూడా నిలవదు. రాత్రంతా జాగరణ చేసి తెల్లవారుజామున, ఎడ్ల సంత మధ్యలో నిలబడ్డ బండిని తోయడానికి మనుషులు దొరకడం కష్టం. వింటే గంటకోసారి పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేయండి, లేదా భజన గుడి దగ్గరే వినండి.