మూర్ఛ పిల్లలకు కీటో ఆహారం: అపోహలు – వాస్తవాలు

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో బిడ్డకు ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పట్టడం ఇంకా పోలేదు. వాటితో ఫిట్స్ ఆగవు. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇప్పుడు ఫోన్లలో చూసిన మాట ఒకటి వీటికి తోడైంది: అన్నం మాన్పించి నెయ్యి పెడితే మూర్ఛ పోతుందట. అందులో కొంత నిజముంది. ఆ కొంత నిజాన్ని పట్టుకుని ఇంట్లోనే మొదలుపెడితే బిడ్డ ప్రాణానికే ముప్పు.

అపోహ: కీటో అంటే బరువు తగ్గడానికి వచ్చిన కొత్త ఫ్యాషన్.

కాదు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. కడుపు మాడ్చకుండా శరీరాన్ని అదే స్థితిలో ఉంచేందుకు, కొవ్వు బాగా పెంచి పిండిపదార్థం తగ్గించిన ఆహారాన్ని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ 1921లో మూర్ఛ కోసమే సూచించారు. అప్పుడు కాలేయం కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది, మెదడు వాటితో నడుస్తుంది. 1938లో ఫెనిటాయిన్ మాత్ర వచ్చాక ఈ పద్ధతి వెనకబడింది. మందులకు లొంగని పిల్లల కోసం మళ్లీ ముందుకొచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అలాంటి 102 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. కొంత సడలించిన కీటో ఆహారం తిన్నవారిలో 52 శాతం మందికి మూడు నెలల్లో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. మామూలు ఆహారం తిన్నవారిలో అలా తగ్గింది 11.5 శాతం మందికే.

అపోహ: ఫిట్స్ ఉన్న ఏ బిడ్డకైనా పెట్టొచ్చు.

చాలామంది పిల్లలకు మాత్రలే సరిపోతాయి. సరైన మందులు రెండు వాడినా ఫిట్స్ ఆగనప్పుడే సాధారణంగా ఈ ఆలోచన. మెదడుకు గ్లూకోజ్ సరిగా అందని గ్లూట్‌–1 లోపం లాంటి కొన్ని జబ్బుల్లో మాత్రం ఇదే మొదటి వైద్యం. కొవ్వును అరిగించుకోలేని కొన్ని పుట్టు లోపాలుంటే ఇదే ఆహారం బిడ్డ ప్రాణం తీయగలదు. అందుకే రక్తపరీక్షలు ముందు, నెయ్యి తర్వాత.

అపోహ: వీరమాచనేని డైట్ లాంటిదే కదా!

అది పెద్దవాళ్ల బరువు, షుగర్ల కోసం చెప్పింది. ఇక్కడ ప్రతి ముద్దకూ తూకముంది. పూర్తిస్థాయి పద్ధతిలో కొవ్వు నాలుగు గ్రాములైతే మాంసకృత్తులు, పిండిపదార్థం కలిపి ఒక్క గ్రాము. గ్రాముల తక్కెడలో తూచి పెట్టాలి. గిన్నెకు అంటుకున్న నెయ్యిని కూడా గీకి తినిపించాలి, లేదంటే ఆ పూట లెక్క తప్పినట్టే. పిల్లలు ఎదగాలి కాబట్టి క్యాల్షియం, విటమిన్లు విడిగా ఇవ్వాలి. మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. మన ఎండలకు నీళ్లు మరీ ముఖ్యం.

అపోహ: అన్నం మానేసి రాగి సంగటి, కొర్రలు పెడితే చాలు.

మన వైపు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. చిరుధాన్యాలు మంచి తిండే, కానీ ఈ వైద్యానికి పనికిరావు. వంద గ్రాముల రాగి పిండిలో మూడింట రెండొంతులు పిండిపదార్థమే. ఎయిమ్స్ పిల్లలకు రోజు మొత్తానికి ఇచ్చింది పది గ్రాములు. ఒక ఇడ్లీతో దాదాపు ఆ కోటా అయిపోతుంది. చెన్నకేశవస్వామి తిరునాళ్లలో ఎవరో ప్రేమగా పెట్టిన చక్కెర పొంగలి, పక్కింటివాళ్లిచ్చిన చాక్లెట్, తియ్యటి దగ్గు సిరప్ కూడా లెక్కలోకే వస్తాయి. నానమ్మలు, అమ్మమ్మలు, అంగన్వాడీ టీచరు, అందరికీ చెప్పి ఉంచాల్సిందే.

అపోహ: డైట్ మొదలెట్టాం కదా, మాత్రలు ఆపేయొచ్చు.

మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. తగ్గించాలో లేదో న్యూరాలజిస్టే చెప్పాలి. మూడు నెలలు చూసి ఫలితం లేకపోతే డైటే మాన్పిస్తారు, ఉంటే సుమారు రెండేళ్లు సాగించి మెల్లగా తగ్గిస్తారు. జీవితాంతం అక్కర్లేదు.

అపోహ: నీరసపడితే ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఒక గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే సరి.

ఆ ఒక్క సీసా కీటోన్లను పడగొట్టి ఫిట్స్‌ను తిరిగి తేవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లి కీటో ఆహారంలో ఉన్నాడని ముందే చెప్పాలి. రక్తంలో చక్కెర పడిపోతే తప్ప మామూలు ఉప్పు సెలైనే పెడతారు. డైట్ రాసిన డాక్టరు దగ్గర ఈ సంగతి ఒక కాగితం మీద రాయించుకుని, ఒంగోలు వెళ్లినా, గుంటూరు రైలెక్కినా మందుల సంచిలోనే పెట్టుకోండి.