కొత్తగా కంప్యూటర్ వాడేవారికి సూచనలు రాయడం

3.1 లక్ష్యం

ఈ భాగం చదివిన తరువాత మీరు, కంప్యూటర్‌కు కొత్తవారు సొంతంగా ఒక పని పూర్తి చేసుకొనేలా సూచనలు రాయగలుగుతారు.

3.2 ఒక అనుభవం

ఒకప్పుడు అధ్యయన కేంద్రంలోని కంప్యూటర్ ల్యాబ్ కోసం నేనొక సూచన పత్రం రాశాను. అందులో ఇలా ఉంది: "పని ముగిశాక ఫైలును మూసివేయండి. మూసే ముందు దానిని భద్రపరచండి." ఒక విద్యార్థిని మొదటి వాక్యం చదవగానే ఫైలు మూసింది. తెరపై 'సేవ్', 'డోంట్ సేవ్' అని బొత్తాలు వచ్చాయి. 'భద్రపరచు' అన్నది ఎక్కడా కనబడలేదు. ఆమె రెండోది నొక్కింది. రెండు గంటలు టైపు చేసిన అసైన్‌మెంటు పోయింది. "నాకు కంప్యూటర్ రాదు సార్" అని ఆమె తననే నిందించుకుంది. నిజానికి తప్పు నా రాతది. ముందు చెప్పవలసింది తరువాత చెప్పాను. తెరపై లేని మాట వాడాను.

3.3 కొత్తవారు ఎలా చదువుతారు?

ఐబిఎం సంస్థలో పరిశోధనలు చేసిన జాన్ కారొల్, 1990లో వెలువడిన 'ది నూర్న్‌బర్గ్ ఫన్నెల్' అనే గ్రంథంలో ఈ విషయాన్ని చర్చించారు. నేర్చుకొనేవారు పుస్తకమంతా చదివి పని మొదలుపెట్టరు. పని చేస్తూ, అవసరమైనప్పుడు పుస్తకం చూస్తారు, పొరపాట్లు చేస్తారు. కనుక సూచనలు క్లుప్తంగా ఉండాలి, పొరపాటును సరిదిద్దుకొనే దారి కూడా చూపాలి.

3.4 ఉదాహరణ

"ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో హలంతం ద్వారా ద్విత్వాక్షరాలు రూపొందించవచ్చు." ఈ వాక్యంలో తప్పు లేదు. కానీ ఏ మీట నొక్కాలో అది చెప్పదు. దీనినే ఇలా రాయవచ్చు:

'అమ్మ' అని టైపు చేయడం (విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ముందే చేర్చి ఉండాలి)

1. రాయవలసిన చోట మౌస్‌తో క్లిక్ చేయండి.
2. విండోస్ మీటను పట్టుకొని, తెలుగు ఎంపికయ్యే వరకు స్పేస్‌బార్ నొక్కండి.
3. షిఫ్ట్ మీటను పట్టుకొని 'డి' నొక్కండి. 'అ' వస్తుంది.
4. షిఫ్ట్ వదిలి 'సి', 'డి', 'సి' వరుసగా నొక్కండి. 'మ్మ' వస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలు వస్తే వాటిని తుడిచి, 2వ మెట్టు నుంచి మళ్లీ చేయండి. 'అమమ' అని వస్తే మధ్యలో 'డి' నొక్కలేదన్నమాట. బ్యాక్‌స్పేస్‌తో చివరి 'మ' తుడిచి, 'డి', 'సి' నొక్కండి.

గమనించండి: 3, 4 మెట్లలో చేయవలసిన పని, దాని వెంటనే కనబడే ఫలితం రెండూ ఉన్నాయి. ఫలితం చూసుకున్నవారికి తాము సరైన దారిలోనే ఉన్నామన్న ధైర్యం కలుగుతుంది.

3.5 సారాంశం

హెచ్చరికను పనికి ముందే చెప్పండి. తెరపై ఉన్న పేరునే మొదటి నుంచి చివరి వరకు వాడండి. రాసినది ఒక కొత్తవారి చేతికిచ్చి, పక్కన మౌనంగా కూర్చోండి. వారి వేలు ఎక్కడ ఆగితే అక్కడ మీ వాక్యం తిరగరాయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

సెల్‌ఫోనులో కొత్త నంబరును పేరుతో సేవ్ చేసుకొనే విధానాన్ని ఆరు మెట్లకు మించకుండా రాయండి. మీ ఇంట్లోని ఒక పెద్దవారి చేత చేయించి, వారు ఆగిన చోట్లను గుర్తించండి.