బదర్‌పూర్ దాటితే ఇంటద్దె పన్ను లెక్క మారుతుందా?

ఢిల్లీ మెట్రో వయొలెట్ లైన్‌లో బదర్‌పూర్ బోర్డర్ స్టేషన్ ఢిల్లీలో ఉంది. తర్వాతి స్టేషన్ సరాయ్ ఫరీదాబాద్‌లో, అంటే హరియాణాలో ఉంది. ప్రయాణికుడికి ఈ తేడా తెలియకపోవచ్చు కానీ, ఆదాయపు పన్ను లెక్కలో తెలుస్తుంది.

ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ)పై మినహాయింపుకు మూడు మొత్తాలు చూసి, తక్కువదాన్ని తీసుకుంటారు: కంపెనీ ఇచ్చిన భత్యం, కట్టిన అద్దెలోంచి బేసిక్ జీతంలో 10 శాతం తీసేయగా మిగిలింది, బేసిక్‌లో 50 శాతం. 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఈ 50 శాతం ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలకే. మిగతా ఊళ్లకు 40. ఇంటి ముందే మెట్రో ఆగినా ఫరీదాబాద్ ఈ లెక్కలో మెట్రో నగరం కాదు. 2025-26లో హైదరాబాద్‌దీ అదే పరిస్థితి. పైగా చూసేది ఇల్లు ఎక్కడుందనే, ఆఫీసు ఎక్కడని కాదు. ఢిల్లీ ఆఫీసు పేరు చెప్పి 50 శాతం చూపిస్తే చెల్లదు.

మరి నష్టమెంత? బేసిక్ లక్ష, హెచ్‌ఆర్‌ఏ 50,000, అద్దె 60,000 అనుకుందాం. ఢిల్లీలో నెలకు 50,000 మినహాయింపు వస్తే ఫరీదాబాద్‌లో 40,000తో ఆగుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి ఏడాదికి 37,440 రూపాయలు అదనపు పన్ను.

అయితే అదే ఉద్యోగి ఫరీదాబాద్‌లో 45,000 అద్దె ఇల్లు తీసుకుంటే, సరిహద్దుకు ఏ పక్కనున్నా మినహాయింపు 35,000 మాత్రమే. అద్దె బేసిక్‌లో సగం దాటితే తప్ప 40 శాతం పరిమితి అడ్డురాదు. తక్కువ అద్దె కోసమే ఢిల్లీ వదిలి ఇటు వచ్చేవారిలో చాలామందికి ఆ బాధ ఉండదన్నమాట.

జర్మనీలో పద్ధతి వేరు. అక్కడ ఇంటికీ ఆఫీసుకూ మధ్య దూరానికి మినహాయింపు ఇస్తారు. 2025లో పనిచేసిన రోజుకు మొదటి 20 కిలోమీటర్ల వరకు కిలోమీటరుకు 30 సెంట్లు, ఆపైన 38 సెంట్లు. రోజూ సరిహద్దు దాటే ఫరీదాబాద్ ఉద్యోగికి అలాంటిదే ఎక్కువ న్యాయంగా అనిపిస్తుంది.

ఇదంతా పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు. 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల జీతం దాకా పన్ను పడదు కాబట్టి, అంతలోపు ఆదాయం ఉన్నవారు ఇల్లు ఎక్కడ తీసుకున్నా ఒకటే.

హైదరాబాద్ నుంచి బదిలీపై వచ్చేవారికి చిన్న ఊరట కూడా ఉంది: అక్కడ నెలకు 200 రూపాయలు కోసే వృత్తి పన్ను హరియాణాలో లేదు, ఢిల్లీలోనూ లేదు.