ఏడు రోజులు మాట్లాడని స్నేహితులు

స్నేహితునికి క్యాన్సర్ అని తెలిసినప్పుడు అతని కోసం మనమేం చేయగలం? ఈ ఉదయం మన ధ్యానాంశం ఇదే. బైబిలు దగ్గరున్నవారు యోబు గ్రంథము 2వ అధ్యాయము చివరి మూడు వచనములు తెరవండి.

యోబు స్నేహితులంటే మనకు చిన్నచూపు. కానీ వాళ్లు మొదట చేసిన పని చూడండి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ ఒక మాట అనుకొని, ఎవరి ఊరి నుంచి వారు బయలుదేరి వచ్చారు. దూరం నుంచి చూసి, మనిషిని గుర్తుపట్టలేక ఏడ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోకూడ నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. యోబు తన దుఃఖం చెప్పుకున్న తరువాత వీళ్లు కారణాలు వెదకడం మొదలుపెట్టారు. చెడింది అక్కడ. దేవునికి కోపం తెప్పించింది ఆ కారణాలే గాని ఆ ఏడు రోజుల మౌనం కాదు. మా సెమినరీలో ఆ ముగ్గురి వాదనల మీద ప్రశ్నలు వచ్చేవి. ఆ ఏడు రోజుల మీద ఎన్నడూ ఒక్క ప్రశ్న రాలేదు!

మన పరామర్శలు ఎలా ఉంటున్నాయి? "ఏం కాదులేన్నా", "దేవుడు పరీక్షిస్తున్నాడు", "మా మేనమామకూ ఇదే వచ్చింది, ఆరు నెలలు కూడా ఉండలేదు". ఇంకొందరు గుసగుసగా, "ఏదో పాపం ఉండే ఉంటుంది" అంటారు. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిన ప్రశ్న ఇదే. యోహాను 9లో ప్రభువు దానిని కొట్టివేశాడు. పొగాకు నమిలినవానికి నోటి క్యాన్సర్ వచ్చినా సరే, ఆ సంగతి అతనికి మనకంటే ముందే తెలుసు. మంచం పక్కన కూర్చుని గుర్తుచేయనక్కరలేదు.

"ప్రార్థన చాలు, మందులు ఆపేయండి" అని చెప్పేవారి విషయంలో నేను మొహమాటపడను. అది విశ్వాసం కాదు. హిజ్కియాకు ఆయుష్షు పొడిగిస్తానని దేవుడే మాట ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. ప్రార్థించండి, మందూ వేయించండి.

మార్కు 2వ అధ్యాయములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు. మన కర్నూలు, కడప జిల్లాల్లో ఈ మోసే పని అక్షరాలా ఉంది. చాలాకాలం ఇక్కడివారు క్యాన్సర్ అంటే హైదరాబాదులో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, తిరుపతికో, వేలూరు సి.ఎం.సి.కో వెళ్లేవారు. ఇప్పుడు కర్నూలులోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినా, దూరప్రయాణం తప్పనివారు ఇంకా ఉన్నారు. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. ఆ వారాలన్నీ భార్యాభర్తలు ఆసుపత్రి దగ్గర గది తీసుకొని ఉంటే, ఊర్లో పిల్లలను బడికి పంపేదెవరు? బర్రెకు మేత వేసేదెవరు? నల్లరేగడిలో శనగ విత్తే అదను ఆయన కోసం ఆగదు గదా!

అందుకే "ఏమన్నా కావాలంటే చెప్పన్నా" అనే మాట వద్దు. జబ్బుతో ఉన్నవాడు అడగడు, సిగ్గుపడతాడు. "శనివారం పొద్దున నేను వస్తా, ఆసుపత్రికి నేనే తోడొస్తా" అనండి. రిపోర్టులన్నీ తేదీల వరుసన ఒక ఫైలులో పెట్టండి. డాక్టరు చెప్పేది రాసుకోండి. భయంలో ఉన్నవారికి సగం మాటలు వినబడవు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు అది వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. ఇల్లు తాకట్టు పెట్టకముందే!

భోజనం విషయం అక్కలు, చెల్లెళ్లు వినాలి. కీమో తరువాత కొందరికి నోరు పూస్తుంది. మన ఎర్రకారం ఆ నోటికి నిప్పు. తిరగబాత వాసనకే కడుపులో తిప్పుతుంది. మెత్తని సంగటి, పలుచని పప్పు, కారంలేని కూర కొద్దికొద్దిగా తీసుకెళ్లండి. తినలేకపోతే బలవంతం వద్దు. క్యాన్సర్ అంటురోగం కాదు. కంచం, గ్లాసు వేరు పెట్టి అతన్ని అవమానించకండి. మన జలుబే అతనికి ప్రమాదం. కీమో తరువాత రెండో వారానికల్లా తెల్లరక్తకణాలు తగ్గిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ రోజుల్లో చిన్న గదిలో ముప్పైమందిని చేర్చి కూటం పెట్టే కాపరులకు నా మనవి: ఇద్దరు వెళ్లండి, చేతులు కడుక్కొని వెళ్లండి, తక్కినవారు సంఘంలో ప్రార్థించండి.

రోగికి జబ్బు పేరు చెప్పకుండా దాచే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ప్రేమతోనే దాస్తారు. ఆ ఇంటివారిని తోసిరాజని మనం వెళ్లి చెప్పేయకూడదు. కానీ స్నేహితుడే "నాకేమైందిరా?" అని అడిగితే అబద్ధం ఆడవద్దు. "నీకేమనిపిస్తోంది? డాక్టరును ఇద్దరం కలిసి అడుగుదామా?" అనండి. తెలుసుకోవాలన్న కోరిక అతనిదైతే, భార్యతో, కొడుకుతో మెల్లగా మాట్లాడండి. చాలాసార్లు అతనికి తెలిసే ఉంటుంది. ఒకే ఇంట్లో ఎవరి ఏడుపు వారు దాచుకుంటూ ఉంటారు.

మొదటి వారం ఇల్లు జనంతో నిండుతుంది. మూడో నెలకు వాకిట చెప్పులు కనబడవు. అతనికి వెంట్రుకలు ఊడి, అప్పు పెరిగి, ధైర్యం సడలేది అప్పుడే. గెత్సేమనేలో ప్రభువు స్నేహితులను సలహా అడగలేదు, మెలకువగా ఉండమన్నాడు. వాళ్లు నిద్రపోయారు. సంఘంలో నలుగురు కలిసి వారానికొకరు చొప్పున ఏడాదిపాటు వంతులు వేసుకోండి. వెళ్లిన ప్రతిసారీ జబ్బు గురించే మాట్లాడనక్కరలేదు. వానల గురించి, శనక్కాయల ధర గురించి మాట్లాడండి. నవ్వితే నవ్వండి.

ఒక్కోసారి చికిత్స ఇక పనిచేయదని డాక్టర్లు చెబుతారు. అప్పుడూ చేయవలసింది ఉంది. "మార్ఫిన్ ఇస్తే మనిషి పోతాడు" అని మనవాళ్లు భయపడతారు. డాక్టరు చెప్పిన మోతాదులో అది నొప్పిని తగ్గించే మందు. మనదేశంలో 2014లో చట్టం సవరించింది అది రోగులకు సులువుగా అందాలనే. నొప్పి భరించడం భక్తి కాదు, అడిగి ఇప్పించండి.

లండనులో సిసిలీ సాండర్స్ అనే క్రైస్తవ సోదరి ఆసుపత్రిలో రోగుల కష్టసుఖాలు చూసే ఉద్యోగిని. వార్సా నుంచి వచ్చిన డేవిడ్ టాస్మా అనే యూదుడు అక్కడ క్యాన్సర్‌తో మరణిస్తున్నాడు. నలభై ఏళ్లవాడు, దగ్గర తనవారంటూ లేరు. ఆమె వెళ్లి కూర్చునేది, అతను చెప్పింది వినేది. ఇలాంటివారి కోసం ఒక ఇల్లు ఉంటే ఎలా ఉంటుందని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో చనిపోతూ అతను, ఆ ఇంటికి తాను ఒక కిటికీ అవుతానని చెప్పి, 500 పౌండ్లు ఆమెకు విడిచిపెట్టాడు. ఆమె ఆ తరువాత వైద్యం చదివి డాక్టరయింది. 19 ఏళ్లకు, 1967లో, సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఆ కిటికీ అక్కడ ఉంది.

తలలు వంచి ప్రార్థించుకుందాము. ఆసుపత్రి వరండాల్లో ఈ రాత్రి చాప పరుచుకొని పడుకునే తోడువారిని ముందుగా జ్ఞాపకం చేసుకుందాము.