ఆకు ట్రాలీ తగిలించే ముందు

పురుగులు నాలుగో జ్వరం లేచాక ఆకు ఎంత తెచ్చినా చాలదు. పంటకు పట్టే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా ఈ ఐదో దశలోనే. గూళ్లయితే శిడ్లఘట్ట మార్కెట్‌కు చిన్న బండిలో పోతాయి గానీ, మన విదురాశ్వత్థం వైపు ఆకూ ఎరువూ ట్రాలీలోనే కదా! ఆ తొందరలో పిన్ను కింద క్లిప్పు ఉందో లేదో వంగి చూడండి. తీగె చుట్టి సరిపెట్టొద్దు, గుంతలో ఎగిరితే ట్రాలీ ఊడిపోతుంది. తగిలించేటప్పుడు రివర్స్‌లో వచ్చే ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య ఎవరూ నిలబడకూడదు, పిల్లలైతే అసలే వద్దు.

రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు కాస్త ముందుండాలి. వెనక్కి ఎక్కువైతే ట్రాలీ మూతి లేచి ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు తప్పుతుంది. మరీ ముందుకేస్తే ముందు చక్రాలు తేలి స్టీరింగ్ మాట వినదు. తడి కొమ్మలు చూసినదానికంటే బరువు!

రోడ్డెక్కితే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చేయాలి. దిగుడులో న్యూట్రల్ వద్దే వద్దు.